పెరట్లో మోగిన సైరన్

మా ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. అందుకని కాలనీలో ఆడవాళ్లంతా నన్ను అదృష్టవంతురాలినని అనేవాళ్లు. వాళ్లకేం తెలుసు? వాళ్ల మగవాళ్ల పిచ్చి సీసాలో ఇమిడేది, మా ఆయన పిచ్చికి పెరడంతా చాలేది కాదు. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన సామాను ఎక్కడ కనబడినా ఇంటికి తెచ్చేవాడు. తుప్పు గీకి, మరలన్నీ విప్పి, నూనె పెట్టి, మళ్లీ బిగించి, అది పనిచేసేదాకా ఆయనకు తిండి సయించేది కాదు. పనిచేశాక శుభ్రంగా తుడిచి ఒక మూల పెట్టి, ఇంకోదాని వేటలో పడేవాడు.

ఆ పిచ్చి వదలాలని నేను ఏళ్ల తరబడి పోరు పెట్టాను. వదిలింది. అయితే వదిలిన తీరు నాకు నచ్చలేదు. అది వదలకుండా ఉంటే ఎంత బాగుండేదని, ఆయన పోయిన ఇన్నేళ్ల తర్వాత కూడా అనిపిస్తూనే ఉంది. పని దొరికితే పండగ చేసుకునే మనిషి, ఆ తర్వాత బతికినంత కాలం డ్యూటీ నుంచి రాగానే అరుగు మీద ఊరికే కూర్చుని రోడ్డు చూసేవాడు.

మాది కొత్తగూడెం. మా నాన్న, మా మామగారు ఇద్దరూ అక్కడి బాయిల్లో పనిచేసినవాళ్లే. బొగ్గు గనిని మా వైపు బాయి అనే అంటారు. అరవైల్లో గోదావరి ఒడ్డున కొత్త బాయిలు తెరిచినప్పుడు ఫిట్టరు పని తెలిసిన కుర్రవాళ్లను ఇటు పంపారు. అట్లా పెళ్లయిన కొత్తలోనే గోదావరిఖని వచ్చాం. అప్పటికి ఊరంటూ పెద్దగా లేదు. పొదలు, ఎర్రమట్టి, ఇంకా సున్నం తడి ఆరని కంపెనీ క్వార్టర్లు. కొత్త బాయిలకు కలప, ఇనుము మోయడానికి కాంట్రాక్టర్లు తెచ్చిన లారీలు యుద్ధకాలం నాటి మిలిటరీ లారీలే. ఒకటి చెడిపోతే దాన్ని రోడ్డు పక్కన వదిలేసి ఇంకోటి తెచ్చుకునేవాళ్లు. మా ఆయన కన్ను ముందు పడింది వాటి మీదే. చర్చికి పోతూ పోతూ, తెల్లబట్టల మీద ఉండి, లారీ కిందికి దూరిన మనిషిని ఏమనాలి? పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టాక వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. మోచేతులకు గ్రీజు.

మొదట చిన్న చిన్న వస్తువులే. సైనికుల నీళ్ల సీసా, మడత పార, తూటాల పెట్టె. తూటాల పెట్టె నాకు పనికొచ్చింది. అందులో ఎండుమిరపకాయలు పోస్తే చీమ కూడా దూరేది కాదు. తర్వాత ఒక జీపు వచ్చింది. జీపంటే జీపు కాదు, దాని ఒళ్లు మాత్రమే. ఇంజిను లేదు, చక్రాలు లేవు. ఇటుకల మీద నిలబెట్టాడు. ఇంజిను దొరికేలోగా మా కోళ్లు దాని సీటు కింద గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. ఆ జీపు వల్ల మాకు కలిగిన లాభం అదొక్కటే.

తర్వాత స్టవ్వు. ఆకుపచ్చ రేకు డబ్బాలో ఇమిడే పంపు స్టవ్వు, సైనికులు వెంట మోసుకుపోయేది. సికింద్రాబాద్‌లో పాత సామాన్ల బజారులో దొరికిందట. ఇంటికి తెచ్చిన రోజు దాన్ని వాకిట్లో పెట్టి నా ముఖం వంక చూశాడు.

“ఏందే, గట్ల చూస్తవ్? ఇది బర్మ దాక పొయ్యొచ్చింది ఎర్కేనా?”

“పోయిన దాన్ని పోనియ్యక మళ్ల ఇంటికెందుకు తెచ్చినవ్?” అన్నాను.

నవ్వాడు. నేనెంత దెప్పినా నవ్వేవాడు, అదే నాకు ఒళ్లుమంట. బొగ్గు మీద బతికే ఊళ్లో కిరసనాయిలు స్టవ్వేమిటని ఇరుగుపొరుగు కూడా నవ్వారు. కంపెనీ బొగ్గు ఇంటింటికీ ఉచితంగా వచ్చేది. పచ్చి బొగ్గును వాకిట్లో కుప్పపోసి ముట్టించి, ఆ పొగ పోయాక పొయ్యిలో వేసుకునేవాళ్లం. ఆ కుప్పలు కాలేటప్పుడు కాలనీ కాలనీయే దగ్గుతూ ఉండేది. మా ఆయన ఆ స్టవ్వు పంపు విప్పి, లోపలి తోలు వాషర్‌ను కొబ్బరినూనెలో నానబెట్టి, బర్నరు రంధ్రం సన్నటి తీగతో పొడిచి, చింతపండుతో ఇత్తడి తోమి ముట్టించాడు. నీలం మంట, పొగ లేదు, బుసబుసమని చప్పుడు. అది చూడటానికి వచ్చిన వాళ్లలో అవ్వ ఒకతె.

అవ్వ మా వరసలోనే చివరి క్వార్టరులో ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు. బాయిలో పైకప్పు కూలి పోయాడు. కోడలికి కంపెనీలో పని ఇచ్చారు. కోడలు డ్యూటీకి పోతే అవ్వ ఒక్కతే ఇంట్లో. పొగకు ఆమెకు ఆయాసం వచ్చేది. మా ఆయన ఆ స్టవ్వును నన్ను అడగకుండానే తీసుకుపోయి అవ్వకు ఇచ్చి వచ్చాడు. నాకు లోపల బాగానే అనిపించింది గానీ, పైకి మాత్రం, ఇంట్లో ఒక వస్తువు తగ్గింది, దేవుడికి స్తోత్రం అన్నాను. “నీ చెయ్యి సల్లగుండ బిడ్డా,” అని అవ్వ కనబడినప్పుడల్లా ఆయన్ను దీవించేది. ఆయన సామాన్లను మెచ్చుకున్న మనిషి కాలనీ మొత్తానికి ఆమె ఒక్కతే. మిగతావాళ్లకు ఆయన తుక్కోడు. “అన్నా, పాకిస్తానోడు వస్తే మొదలు నీ పెరట్లకే వస్తడే,” అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయన వాళ్లతో కూడా నవ్వేవాడు. కానీ ఆ తుక్కోడు అన్న మాట లోపల గుచ్చుకునేదని నాకు తెలుసు. ఒక్కసారైనా తను బాగుచేసిన వస్తువు అందరి ఎదుటా పనిచేస్తే చూడాలని ఆయనకు ఉండేది.

డెబ్బైల మొదట్లో సైరన్ వచ్చింది. శత్రు విమానాలు వస్తున్నాయని యుద్ధకాలంలో జనానికి చెప్పడానికి వాడే చేతి సైరన్. మూడు కాళ్ల మీద నిలబడే ఇనుప డొల్ల, చుట్టూ సందులు, పక్కన తిప్పే పిడి. దాన్ని గోనెసంచిలో చుట్టి రైల్లో తెస్తుంటే పక్కవాళ్లు చెరుకు రసం మిషనా అని అడిగారట. కాదంటే నమ్మలేదట. లోపల పళ్లచక్రాలన్నీ తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నాయి. నా గంగాళంలో కిరసనాయిలు పోసి వాటిని నానబెట్టాడు. ఆ గంగాళం మళ్లీ స్నానాలకు పనికిరాలేదు. ఒక చక్రానికి పళ్లు విరిగితే, దాన్ని జేబులో వేసుకుని గోదావరి దాటి మంచిర్యాల పోయి, లేతు మిషను ఉన్న ఒక కొట్లో అలాంటిదే కోయించుకొచ్చాడు. అది సరిపోలేదు, మళ్లీ పోయాడు. నెలల తరబడి ఇదే పని. అప్పుడప్పుడు పిడి తిప్పి చూసేవాడు. కడుపునొప్పి వచ్చిన బర్రె మూలిగినట్టు మూలిగి ఊరుకునేది.

“దసరా వరకు దీన్ని పలికిస్త సూడు,” అనేవాడు.

దసరాకు మా వర్క్‌షాపులో మరలన్నింటికీ పండగ. వారం ముందు నుంచే ప్రతి మరనూ గీకి, తుడిచి, కొత్త రంగు వేసేవాళ్లు. పండగనాడు పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కట్టి, అధికారుల ముందు అన్నింటినీ ఒకసారి తిప్పేవాళ్లు. మేము చర్చి మనుషులమే అయినా మరలు తుడవడంలో అందరికన్నా ముందుండేది మా ఆయనే. ఈసారి తన సైరన్‌ను కూడా ఆ వరసలో పెట్టి, అందరి ఎదుట పిడి తిప్పాలని ఆయన ఆశ. తుక్కోడు అన్నవాళ్ల నోళ్లతోనే శభాష్ అనిపించుకోవాలి. నాకు ఆ ఆశ చూస్తే జాలేసేది. నవ్వడం మానేసి, అది ఎట్లాగైనా మోగాలని నేను కూడా కోరుకోవడం మొదలుపెట్టాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్లో గడియారాలున్న ఇళ్లు తక్కువ. కంపెనీ సైరనే మాకు గడియారం. షిఫ్టు మొదలైతే ఒకసారి, దిగితే ఒకసారి. పిల్లలకు పాలు పట్టడం, అన్నం వండటం అన్నీ ఆ కూత లెక్కనే. కానీ వేళ కాని వేళ సైరన్ మోగిందంటే మాత్రం దానికి ఒక్కటే అర్థం. బాయిలో ఏదో అయింది. కప్పు కూలి ఉండొచ్చు, నీళ్లు పడి ఉండొచ్చు. ఆ కూత విన్న ఆడది తన చేతిలో ఏముందో చూసుకోదు.

మగవాళ్లకు ఈ సంగతి తెలియదా అంటే తెలుసు. వాళ్లకు అది మాటగా తెలుసు, అంతే. ఆ కూత మోగే వేళకు వాళ్లు సగం మంది భూమి లోపల ఉంటారు, అక్కడికి అది వినబడదు. మిగతావాళ్లు రాత్రి డ్యూటీ చేసి చచ్చినట్టు నిద్రపోతుంటారు. వాళ్ల చెవులకు అలవాటైన సైరన్ డ్యూటీ సైరనే. దాన్ని వింటే వాళ్లకు లేవాలని, బూట్లు వేసుకోవాలని అనిపిస్తుంది. మేమైతే ముందు అది వేళకే మోగిందా అని చూసుకుంటాం. మా ఆయన చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. బాయి మగవాడు తప్ప ఇంకెవరూ ఆ పొరపాటు చెయ్యరు. నేనైనా చెప్పాల్సింది కదా అంటారేమో. ఆ మూలుగు అట్లా కూతగా మారుతుందని నేనూ అనుకోలేదు.

దసరా దగ్గరకొచ్చిన రోజులు. ఆయనకు రెండో షిఫ్టు, పొద్దున ఇంట్లోనే ఉన్నాడు. కొత్త చక్రం సరిపోయిందని పెరట్లోంచి కేకేసి చెప్పాడు. సరేనని నేను బిందె తీసుకుని నల్లా దగ్గరికి పోయాను. అక్కడ వరసలో మా ఆడవాళ్లంతా ఉన్నారు. వాళ్ల మగవాళ్లు మొదటి షిఫ్టులో లోపల ఉన్నారు. ఎవరి కోడలి గురించో మాట్లాడుకుంటున్నాం. అప్పుడు మోగింది.

సన్నగా మొదలై, పైకి పైకి పోయి, ఆకాశమంతా పట్టింది. నల్లా కట్టేసిన వాళ్లు లేరు. బిందెలు అక్కడే దొర్లాయి. అందరం బాయి వైపు ఉరికాం. కొందరి పొయ్యి మీద అన్నం, కొందరి చంకలో పిల్లలు. చెప్పులు లేవు, కొంగు ఎక్కడుందో తెలియదు. కూత వస్తున్నది బాయి వైపు నుంచి కాదు, మా వెనక కాలనీ నుంచి. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. మా ఆయన ఇంట్లో ఉన్నాడు, నన్ను కేకేసి మాట్లాడాడు, ఆ పిడి తిప్పుతున్నది ఆయనే. అయినా ఆయన బాయిలో ఉన్నాడనే నేను ఏడ్చుకుంటూ ఉరికాను. ఈ మాట ఇప్పుడు చెబితే మా మనవరాళ్లు నవ్వుతారు. ఆ రోజు నా కాళ్లు నా మాట వినలేదు.

మా పక్కనుంచి అవ్వ ఉరికింది. ఆయాసం మనిషి, కర్ర లేకుండా ఉరికింది. మా అందరికన్నా ముందు గేటు దగ్గర ఉంది.

గేటు కాపలావాడు బిత్తరపోయాడు. “మా సైరన్ మోగలేదు తల్లీ! ఏం కాలేదు, పోండ్రి,” అన్నాడు. ఎవరు నమ్ముతారు? ప్రమాదం జరిగినప్పుడల్లా మొదట చెప్పే మాట అదే కదా. అండర్ మేనేజరు బయటికొచ్చి, లోపలికి ఫోను చేశాను, అందరూ క్షేమమేనన్నాడు. ఆయన ముఖం మీదే ఒకామె దుమ్మెత్తి పోసింది. ఇంతలో మా ఆయన వచ్చాడు. ఉరికి ఉరికి వచ్చాడు, చేతులకు ఇంకా గ్రీజే. “నేనే అక్కా, మా పెరట్ల నేనే మోగించిన. తప్పయింది, ఇంటికి పోండ్రి,” అని ఒక్కొక్కరి ముందు చేతులు జోడించాడు.

“నిన్ను గిట్ల జెప్పుమని వాళ్లే పంపిన్రు!” అంది ఒకామె.

అంతే, అందరూ అదే అన్నారు. నిజం చెబుతున్న మనిషి మీద కూడా నమ్మకం లేదు. షిఫ్టు దిగేదాకా ఎండలో నిలబడ్డాం. నేను ఆయన పక్కకు పోయి నిలబడలేదు, ఆడవాళ్లతోనే నిలబడ్డాను. ఎందుకో ఆ గుంపు వదిలి రాబుద్ధి కాలేదు. చివరికి లోపలి వాలుదారిలో టోపీ దీపాలు కనబడ్డాయి. ఒక్కొక్కరే నల్లటి ముఖాలతో పైకొచ్చి, ఇంతమంది పెళ్లాలను చూసి వాళ్లే భయపడ్డారు. పైన ఏదో జరిగిందనుకున్నారు పాపం. అప్పుడు ఏడుపులు, నవ్వులు, తిట్లు అన్నీ ఒకేసారి. మొగుణ్ని వాటేసుకుని, ఆ చేత్తోనే మా ఆయన మీదికి రాయి విసిరిన ఆమెను కూడా చూశాను.

అవ్వ మాత్రం గేటు పట్టుకుని అక్కడే ఉంది. పైకొచ్చే ప్రతి మనిషి ముఖంలోకి చూస్తోంది. అందరూ వచ్చేశాక కాపలావాణ్ని అడిగింది: “ఇంక లేరా?”

“లేరు అవ్వా, అందరొచ్చిన్రు.”

ఆమె తలూపింది. నేను పోయి చెయ్యి పట్టుకుంటే నాతో నడిచి ఇంటికొచ్చింది.

ఆ వారంలోనే మా ఆయన పెరడంతా ఖాళీ చేశాడు. సైరన్, జీపు, పెట్టెలు, లాంతర్లు, అన్నీ పాత ఇనుము కొనేవాడి బండి ఎక్కాయి. దసరాకు వర్క్‌షాపులో మిగతావాళ్ల మరలు తిరిగాయి. ఈయన వెనక వరసలో నిలబడి చూసి వచ్చాడు. కాలనీ వాళ్ల తిట్లకు సిగ్గుపడి వదిలేశాడని అంతా అనుకున్నారు. పైవాళ్లు పిలిచి చీవాట్లు పెట్టారు, అందుకని కొందరన్నారు. అదేం కాదు. తిట్లు ఆయనకు కొత్త కాదు, చీవాట్లు తిన్న రోజు కూడా ఇంటికొచ్చి నాతో నవ్వాడు. “కానీ సప్పుడు మంచిగ వచ్చింది గదనే?” అని గుసగుసగా అడిగాడు కూడా. తర్వాత జరిగింది మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

సైరన్ మోగిన మర్నాడు పొద్దున అవ్వ మా పెరట్లోకి వచ్చింది. మా ఆయన దాన్ని గోనెసంచిలో చుడుతున్నాడు. నేను బట్టలు ఆరేస్తున్నాను.

“గదేనా బిడ్డా?” అంది.

“గదే అవ్వా. నాకు సోయి లేకపాయె. నీ కాల్మొక్కుత,” అన్నాడు ఆయన.

“కాళ్లెందుకు మొక్కుతవ్. ఇంకొక్కసారి కూపియ్యరాదు?”

ఆయన నా వైపు చూశాడు.

“నిన్న అది కూసినప్పుడు నాకు యాది లేదు బిడ్డా,” అంది అవ్వ. “మావోడు పోయిండన్నది యాది లేదు. లోపల్నే ఉన్నడనుకున్న. ఉరికినంత దూరం ఉన్నడు. గేటు కాడ గూడ ఉన్నడు.”

ఆయన గోనెసంచిని ఇంకో చుట్టు చుట్టాడు. “మళ్ల కూపిస్తే మందంత ఉరుకుతరవ్వా,” అన్నాడు.

“మందికెందుకు? చిన్నగ తిప్పు. నాకొక్కదానికి వినవడెటట్టు తిప్పు.”

ఆ యంత్రానికి చిన్న గొంతు లేదని ఆయనకు తెలుసు. వేగంగా తిప్పితేనే అది కూస్తుంది. లేకపోతే మూలుగుతుంది. అయినా గోనెసంచి విప్పాడు. మూడు కాళ్లనూ నేల మీద సరిగా ఆనించి, మెల్లగా పిడి తిప్పాడు. అది గుర్రుమంది. అవ్వ దగ్గరికొచ్చి, తల వంచి, ఆ ఇనుముకు చెవి ఆనించినంత పని చేసింది. ఆయన ఇంకొంచెం జోరుగా తిప్పాడు. గొంతు లేవబోయింది. భయపడి ఆపేశాడు.

“ఇది గాదు బిడ్డా,” అంది అవ్వ.

ఆయన మళ్లీ తిప్పాడు. మళ్లీ ఆపాడు. ముఖమంతా చెమట.

“ఇది గాదు. పోనీ తియ్యి, నువ్వేం జేస్తవ్,” అని ఆయన భుజం తట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎదురుపడితే ఎప్పటిలాగే దీవించేది. ఆయనే తలవంచుకుని పోయేవాడు.

ఎన్నో ఏళ్లు గడిచాక, కంపెనీ దవాఖానలో, ఊపిరి అందని రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన కళ్లు తెరిచి నన్ను అడిగాడు: “ఆ పొద్దు గట్టిగ తిప్పాల్సుండెనా?”

ఏ పొద్దని నేను అడగలేదు. “ఊరంత మళ్ల ఉరుకుతుండె గదా,” అన్నాను.

“ఉరికినోళ్లందరు మళ్ల ఇంటికొస్తుండిరి,” అన్నాడు.